బతికున్న మనిషి పటం

"అన్నయ్యో! నన్నెవరి చేతుల్లో పెట్టి పోయావన్నయ్యో!"

సుబ్బాయమ్మ దోనె దిగకముందే అందుకున్న ఏడుపు రేవు దాటి, వీధి దాటి, పెద్దింటయ్య వాకిట్లోకి వచ్చేసరికి ఊళ్ళో ఆడవాళ్ళు సగంమంది ఆమె వెనకే ఉన్నారు. ఎవరు పోయారో వాళ్ళకి తెలియదు. ఏడిచేవాళ్ళ వెంట నడవడానికి కారణం అడిగే అలవాటు కొల్లేటి లంకల్లో లేదు.

ఇంటి వెనక చేపలు పట్టే మావుకి బద్దలు కట్టుకుంటున్న పెద్దింటయ్య, చేతిలో వెదురుబద్దతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరే సుబ్బాయీ? ఎవరు పోయారే?"

సుబ్బాయమ్మ తలెత్తి అన్నగారిని చూసింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఏడుపు మాత్రం ఆగిపోయింది.

"నువ్వే," అంది.

ఆమె వెనక మొగుడు ముత్యాలరావు నిలబడి ఉన్నాడు. పెద్దింటయ్య చెల్లెల్ని ముత్యాలరావుకీ, ముత్యాలరావు అక్క గంగారత్నాన్ని పెద్దింటయ్యకీ ఇచ్చి చేసుకున్న కుండమార్పు సంబంధం వాళ్ళది. ఒక్క చావుకి రెండువైపులా ఏడవాలి. ముత్యాలరావు ఏడవడం మరిచిపోయి, చేతిలో తువ్వాలు మూటని వీపు వెనక్కి దాచుకున్నాడు.

పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చిన గంగారత్నం అది చూడనే చూసింది.

"ఆ మూటేవిట్రా తమ్ముడూ?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే దాస్తావేం? ఇలా తే."

తువ్వాలు మడతలోంచి తెల్లచీర అంచు బయటికి వచ్చింది. మొగుడు పోయిన ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు తెచ్చే చీర. గంగారత్నం చెయ్యి దానంతటదే మెళ్ళో తాడు మీదికి పోయింది.

"నాకా?" అంది.

ముత్యాలరావు తల దించుకున్నాడు.

సుబ్బాయమ్మకి అప్పటికి దుఃఖం పోయి కోపం వచ్చింది. "మరేం చెయ్యమంటావు వదినా? ఏలూర్లో పటం కట్టించి దండేసేశారు. తోడబుట్టినదాన్ని, నాకు కబురే లేదు. ఇంక పదోరోజన్నా దక్కుతుందో లేదో అని పడుతూ లేస్తూ వచ్చాం!"

"పటం ఏవిటే?" అన్నాడు పెద్దింటయ్య.

"నీ పటమే బావా," అన్నాడు ముత్యాలరావు. "నిన్న సాయంత్రం వల దారం కొందామని ఏలూరు వెళ్ళాను. బొమ్మల మాస్టారి ఇంటి వసారాలో గోడకి ఉంది. నెత్తిన తలగుడ్డ, గోచీ, భుజం మీద కావిడి. కుడిభుజం మీద కాయతో సహా నువ్వే. బంతిపూల దండ. నా కళ్ళు నేనే నమ్మలేక ఆ ఇంటావిణ్ణి అడిగాను, ఎవరమ్మా ఈయనా అని. మా దగ్గర బొమ్మలు నేర్చుకునే అబ్బాయి తండ్రిగారు, పోయారండీ పాపం, అంది."

ఈసారి అందరి చూపులూ అరుగు మీదికి తిరిగాయి.

అరుగు మీద పైడిరాజు ఉన్నాడు. శనివారం సాయంత్రం ఏలూరు నుంచి ఇంటికి వచ్చిన కొడుకు, ఆదివారం పొద్దున తలకి నూనె రాసుకుంటూ ఈ కథంతా విన్నాడు. నూనె చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి నిలబడాలా, ఇంట్లోకి పోవాలా, కొల్లేట్లో దూకాలా అన్నదీ తెలియలేదు. ముఖం పొయ్యిలో పెట్టినట్టు మండిపోయింది.

పెద్దింటయ్య కొడుకు వంక చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. చేతిలో వెదురుబద్దని గోడకి ఆనించి, చెల్లెలి వైపు తిరిగాడు.

"కాకి తన్నిందే నన్ను," అన్నాడు.

సుబ్బాయమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "అమ్మో! ఎక్కడ?"

"నడినెత్తిన."

అంతే. వాకిట్లో బిగుసుకుని ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా ఊపిరి వదిలారు. కాకి నెత్తిన తన్నిందంటే గండం. ఆ గండం తప్పాలంటే, మనిషి పోయాడని అయినవాళ్ళకి చావుకబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో చావు వచ్చిన దారినే పోతుంది. ముందే చెప్పి ఏడవమంటే అది ఉత్త ఏడుపవుతుంది, మందు పనిచెయ్యదు. ఇది అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు.

ముత్యాలరావు మాత్రం నెత్తి గోక్కున్నాడు. "కాకి తన్నితే మనిషిని పంపి చెప్పిస్తారు గానీ, పటం కట్టించి ఏలూర్లో వేలాడేస్తారా బావా?"

"మనిషిని పంపితే నువ్వు నమ్ముతావేంట్రా? ఈమధ్య ఎవరు చావుకబురు తెచ్చినా, కాకి తన్నిందా అని నవ్వుతూ అడుగుతున్నారు. ఇలాగైతే నీ చెల్లెలి మొగుడికి... కాదు, నీ అక్క మొగుడికి గండం ఎలా గడుస్తుంది? అందుకని మనవాడి చేత బొమ్మ గీయించాను."

"మరి ఆ ఇంటావిడ?"

"ఆవిడకి నేనే చెప్పానురా," అన్నాడు పెద్దింటయ్య.

సుబ్బాయమ్మ అన్నగారి రొమ్ము మీద పిడికిళ్ళతో కొట్టింది. కొడుతూ నవ్వింది, నవ్వుతూ మళ్ళీ ఏడ్చింది. "చచ్చినోడా, దారంతా గుండెలు బాదుకున్నానురా! పడవవాడు కూడా ఏడ్చాడు!" అంది. ఆ పడవవాడి ఏడుపు కూడా లెక్కలోకి వస్తుందని ఎవరో ముసలమ్మ తీర్పు చెప్పింది. ఇక పెద్దింటయ్యకి నూరేళ్ళు ఖాయమని అందరూ ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం కొర్రమీను పులుసుతో చుట్టాలు భోంచేశారు. పైడిరాజుకి ముద్ద దిగలేదు. తండ్రి ఇంత సునాయాసంగా అబద్ధమాడడం అతను ఎప్పుడూ చూడలేదు. తన కోసం ఆడాడు. అదీ అతని సిగ్గు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

వెళ్ళేముందు సుబ్బాయమ్మ గుమ్మంలో ఆగి మరీ చెప్పింది. "గండం గడిచాక బతికున్న మనిషి మెళ్ళో ఆ దండ ఉండకూడదన్నయ్యా. రేపు పొద్దున్నే వెళ్ళి తీయించు. అల్లుడూ, నీకే చెబుతున్నా."

"అలాగే అత్తా," అన్నాడు పైడిరాజు నేల చూపులు చూస్తూ.

* * *

చుట్టాల దోనె కిక్కిస పొదల వెనక్కి మలుపు తిరిగేదాకా గంగారత్నం రేవులోనే నిలబడింది. తర్వాత అంట్లు ముందేసుకుని కూర్చుంది. పైడిరాజు నీళ్ళు అందించడానికి వంగాడు.

"మీ మావయ్య ఆ చీర ఇక్కడే వదిలేసిపోయాడు," అంది తల్లి. "తెచ్చిన చీర వెనక్కి పట్టుకెళ్ళకూడదంట. నేను ఇంట్లో పెట్టుకోకూడదు. ఎక్కడ పెట్టమంటావో నువ్వు చెప్పు."

అతను గిన్నె మీద నీళ్ళు పోశాడు.

"మీ నాన్నని కాకి ఎప్పుడు తన్నిందిరా?"

"నాకు తెలీదమ్మా."

"నాకు తెలుసు. తన్నలేదు. తన్నితే తలంటుకి కుంకుడుకాయలు నేను కొట్టనా? ఆ బొమ్మకి దండెవరు వేశారు?"

"మాస్టారు వేసుంటారు. నేను వచ్చేటప్పటికి లేదు."

"ఆయనెందుకు వేశారు?"

పైడిరాజు చెంబు నీళ్ళలో ముంచి, మళ్ళీ ముంచి, మళ్ళీ ముంచాడు. గంగారత్నం చెంబు లాగేసుకుంది.

"నాన్న పోయాడని నేనే చెప్పానమ్మా."

చెప్పేశాక మిగతాది ఆగలేదు.

ఏలూరులో రాజరత్నం మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెబుతారు. సాయంత్రాలు ఇంటి దగ్గర, పోయినవాళ్ళ ఫోటోలు చూసి పెద్ద బొమ్మలు గీసి పటాలు కట్టి ఇస్తారు. ఆయన దగ్గర చేరడానికి జూన్ నెలలో తండ్రి పెట్టె మోసుకుని వచ్చాడు. కావిడికి ఒక పక్క పెట్టె, ఇంకో పక్క చేపల బుట్ట. "నువ్వు లోపలికి పో, నాకు చేపల వాసన," అని గుమ్మం బయటే ఆగిపోయాడు. లోపల వకీలుగారి అబ్బాయి ఒకడు, రైసుమిల్లు మేనేజరు గారి అబ్బాయి ఒకడు బల్లల ముందు కూర్చుని ఉన్నారు. పైడిరాజు దగ్గరికి రాగానే ఒకడు జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మాస్టారు అడిగారు, మీ నాన్నగారేం చేస్తారోయ్ అని.

"పోయారండీ," అన్నాడు పైడిరాజు. తండ్రి అప్పటికే వీధి చివరికి వెళ్ళి ఉంటాడనుకున్నాడు.

గంగారత్నం చేతిలో గిన్నె నీళ్ళలోకి జారింది. "చేపలు పడతాడని చెప్పడానికి రాని నోరు, చచ్చాడని చెప్పడానికి వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"పోనీ, తర్వాతన్నా..."

తర్వాత ఎప్పుడు చెప్పాలి? తండ్రి లేని పిల్లాడని మాస్టారు తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. తమ పళ్ళెం పక్కన పళ్ళెం పెట్టారు. పైగా ఆయనకి అబద్ధమంటే గిట్టదు. ట్రేసింగు కాగితంతో బొమ్మ దింపి, చేత్తో గీశానని చెప్పిన ఒకణ్ణి ఆ పూటే పంపించేశారు. రోజులు గడిచేకొద్దీ ఆ మాట నోట్లోంచి బయటికి రాలేనంత పెద్దదైపోయింది.

"సరే, చచ్చినవాడి బొమ్మ ఎందుకు గీశావు?" అంది తల్లి.

అది చెప్పడమే అన్నిటికన్నా కష్టం.

బంతికీ, కుండకీ, వేలాడేసిన గుడ్డకీ నీడలు వెయ్యడం అతనికి తొందరగానే పట్టుబడింది. మనుషులే పడలేదు. అంచులు చక్కగా ఉండేవి, లోపల ఏమీ ఉండేది కాదు. "నీ మనిషికి బరువు లేదోయ్, కిటికీ తీస్తే ఎగిరిపోతాడు," అనేవారు మాస్టారు. "గీత సంగతి మరిచిపో. కళ్ళు సగం మూసి చూడు. వెలుగు ఎటునుంచి వస్తోంది? ఎముక ఎక్కడ పైకి లేచింది, కండ ఎక్కడ లోపలికి పోయింది? ముందు ఆ నలుపు పెట్టు. మనిషి తనే వస్తాడు." ఎన్ని కాగితాలు నల్ల చేసినా ఆ మనిషి రాలేదు. చివరికి ఒకరోజు ఆయన విసిగిపోయి, "నువ్వు బాగా చూసిన ఒళ్ళు ఎవరిదైనా ఉందా? అది గీయి," అన్నారు.

పైడిరాజు బాగా చూసిన ఒళ్ళు ఒక్కటే. చొక్కా లేని ఒళ్ళు. చిన్నప్పట్నుంచీ దోనెలో ఎదురుగా నిలబడి గెడ వేసిన ఒళ్ళు. చార్‌కోల్ పెన్సిలు పట్టుకోగానే చెయ్యి ఆగలేదు. మెడ కింద గుంటలో నొక్కి నలుపు పెట్టాడు. పక్కటెముకల మధ్య గీసి, వేలితో మెత్తగా రుద్దాడు. కావిడి మోసి కాయకాచిన భుజం మీద రొట్టెముద్ద అద్ది నలుపు లాగేస్తే అక్కడ వెలుగు నిలిచింది. కాగితం మీద బరువున్న మనిషి నిలబడ్డాడు.

మాస్టారు చాలాసేపు చూశారు. "ఎవరోయ్ ఈయన?" అన్నారు.

"మా నాన్నండీ."

ఆ ఇంట్లో అతను తండ్రి గురించి చెప్పిన మొదటి నిజం అది. మాస్టారు అతని తల మీద చెయ్యి పెట్టారు. ఎందుకు పెట్టారో తెలిసి కూడా పైడిరాజు ఆ చెయ్యి కింద అలాగే నిలబడ్డాడు.

గంగారత్నం అంతా విన్నది. "గోచీతో ఉన్నాడనేగా సిగ్గుపడ్డావు. ఆ గోచీతోనే గీశావా?"

"అది తప్ప నాకు ఇంకేదీ రాలేదమ్మా."

ఆమె ఏడవలేదు. గిన్నె వెతికి తీసి, బూడిదతో గట్టిగా తోమింది. "రేపు నాన్నని తీసుకునే వెళ్ళు. వాళ్ళ ముందు నిలబెట్టి, ఈయన మా నాన్న అని చెప్పు. నీ నోటితో చంపావు, నీ నోటితోనే బతికించు. వాళ్ళు ఉంచుకుంటే ఉండు, పొమ్మంటే పెట్టె తెచ్చుకుని రా. మావులు వేద్దువుగాని. పెద్దింట్లమ్మ తల్లి మీద ఒట్టెయ్యి."

అతను తడి చేత్తో ఒట్టు వేశాడు.

* * *

తెల్లవారి బయల్దేరేటప్పుడు గంగారత్నం పెట్టెలోంచి మొగుడి తెల్లచొక్కా తీసింది.

"వద్దే," అన్నాడు పెద్దింటయ్య. "చొక్కా వేసుకుంటే అక్కడ నన్నెవరు గుర్తుపడతారు?"

నవ్వుతాలుకి అన్నాడనుకున్నారు. ఆమె బలవంతాన తొడిగింది. అది భుజాల దగ్గర బిగుతై, అతన్ని పెళ్ళికి పిలిచి కూర్చోబెట్టిన మనిషిలా చేసింది.

దోనెలో తండ్రి గెడ వేస్తుంటే కొడుకు చేపల బుట్ట పక్కన కూర్చున్నాడు. ఎన్నిసార్లు నోరు తెరిచాడో, అన్నిసార్లూ తండ్రి ఏదో ఒక మాట అందుకున్నాడు. నీళ్ళు తగ్గుతున్నాయన్నాడు. ఈ ఏడు కొంగలు ముందే వచ్చాయన్నాడు. నీ పరీక్ష ఎప్పుడని అడిగాడు.

"నాన్నా, నిన్న..."

"పక్కకి వంగకురా, దోనె ఒరుగుతుంది."

గట్టుకి చేరాక బస్సు. బస్సులో జనం. మాట్లాడడానికి వీల్లేనందుకు పైడిరాజుకి హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

మాస్టారి ఇంటి వసారాలో పటాలు వరసగా ఉన్నాయి. తలపాగా పెట్టిన కరణం గారు, ముక్కుపుడక ముసలమ్మ, చిన్న వయసులోనే పోయిన ఎవరో ఇల్లాలు. వాళ్ళ పక్కన కొత్త చట్రంలో పెద్దింటయ్య. బంతిపూలు కాస్త వాడాయి.

పెద్దింటయ్య బుట్ట దించి, ఆ పటం ముందు నిలబడ్డాడు. తనని తాను అద్దంలో తప్ప చూసుకోని మనిషి. అద్దంలోనైనా గడ్డం గీసుకునేటంత మేరకే.

"కుడికాలు ఇలా ఎడంగా వేస్తానా నేను?" అని అడిగాడు మెల్లిగా.

"ఊఁ. కావిడి బరువుకి."

"నాకు తెలీదు సుమా." ఇంకాసేపు చూశాడు. "బాగా గీశావురా," అన్నాడు.

పైడిరాజు దండ తియ్యడానికి చెయ్యి ఎత్తాడు. లోపల్నుంచి అడుగుల చప్పుడైతే ఆ చెయ్యి దించేశాడు.

వచ్చింది మాస్టారి భార్య సువర్ణమ్మగారు. పైడిరాజుని చూసి నవ్వబోయి, అతని వెనక ఉన్న మనిషిని చూసి ఇంకా పెద్దగా నవ్వింది.

"అరె, చిన్నింటయ్యగారా! రండి రండి. ఇవాళ వీధి గుమ్మంలోంచి వచ్చారేవండీ? చొక్కా వేసుకున్నారు, గుర్తే పట్టలేదు!"

పైడిరాజు వెనక్కి తిరిగి చూశాడు. వెనక తండ్రి తప్ప ఎవరూ లేరు. వాళ్ళ వంశంలో చిన్నింటయ్య అనే మనిషే లేడు.

పెద్దింటయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "కుర్రాడు రమ్మన్నాడండమ్మా," అన్నాడు నేలకేసి చూస్తూ.

"మంచిపని చేశాడు. ఇన్నాళ్ళూ పెరటి గుమ్మంలో చేపలిచ్చి, లోపలికి రమ్మంటే రాకుండా పోయేవారు." ఆవిడ పైడిరాజు వైపు తిరిగింది. "నీతో చెప్పొద్దని మాట తీసుకున్నారోయ్ మీ బాబాయి. వాడు సిగ్గుపడతాడమ్మా అనేవారు. నువ్వు ఇష్టంగా తినే ఆ కొర్రమీనంతా ఈయన తెచ్చిందే. బాబాయంటే ఇలా ఉండాలి."

పైడిరాజు గోడ పట్టుకున్నాడు.

"నువ్వు చేరిన రోజు నాకు బాగా జ్ఞాపకం," అంటోంది ఆవిడ. "లోపల మావారితో నువ్వు నాన్న పోయారండీ అంటున్నావు. ఈయన గుమ్మం పక్కన నిలబడి తలగుడ్డతో కళ్ళొత్తుకుంటున్నారు. ఎవరండీ మీరు అంటే చప్పున చెప్పలేకపోయారు. అన్నగారు మనసులో మెదిలారు కాబోలు. ఆనక, ఆయన తమ్ముణ్ణండీ అన్నారు. నాకూ ఏడుపొచ్చింది."

ఆ రోజు తండ్రి వీధి చివరికి వెళ్ళలేదు. విన్నాడు. విని, కొడుకు మాట నిలబెట్టడానికి అక్కడికక్కడే తమ్ముణ్ణి పుట్టించుకున్నాడు. నెలల తరబడి పెరటి గుమ్మంలో తన చావుకి పరామర్శలు అందుకున్నాడు. పైడిరాజు తండ్రి ముఖంలోకి చూడలేకపోయాడు. చూడాల్సి వస్తే చచ్చిపోదామనిపించింది. నిజంగానే అనిపించింది.

ఇంతలో రాజరత్నం మాస్టారు వేళ్ళకంటిన బొగ్గు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చారు. "ఏమోయ్ రాజూ, పటం చూశావా? నువ్వు లేనప్పుడు కట్టించాను. నీకు చెబితే వద్దంటావని. రేపు తాడేపల్లిగూడెం నుంచి హైస్కూలు హెడ్మాస్టరు గారు వస్తున్నారు. వాళ్ళకి డ్రాయింగు మాస్టరు కావాలి. పరీక్ష అయ్యాక నిన్ను తీసుకోమని అడుగుతాను. ఈ బొమ్మ చూశాక ఆయన కాదనలేరు."

సువర్ణమ్మగారు, "రాజు బాబాయిగారండీ," అని చూపించింది.

మాస్టారు పెద్దింటయ్యకి నమస్కారం చేశారు. ఆ ఇంట్లో అతనికి ఎవరైనా నమస్కారం చెయ్యడం అదే మొదలు కావచ్చు. పెద్దింటయ్య కంగారుగా తలగుడ్డతో సహా చేతులు జోడించాడు.

"దండ తీయించమని ఇంట్లో ఆడవాళ్ళు..." అని మొదలుపెట్టి, పెద్దింటయ్య పటం వైపు చూశాడు. "రేపు వచ్చే ఆ పెద్దాయన దీన్ని చూడాలాండీ?"

"చూడాలి మరి."

"అయితే ఉండనివ్వండి. దండ కూడా ఉండనివ్వండి, బాగుంది."

ఆ మాటతో పైడిరాజుకి ఇంక నిలబడడం చేతకాలేదు. తల్లికి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. ఒట్టు లేకపోయినా చెప్పేవాడు. ఉద్యోగం పోనీ, ఈ ఇల్లు పోనీ, పెన్సిలు మళ్ళీ ముట్టుకోకపోనీ.

"మాస్టారూ, ఈయన మా బాబాయి కాదండీ. మా నాన్నండీ."

మాట స్పష్టంగానే వచ్చింది. మాస్టారు అతన్ని చూశారు, పటాన్ని చూశారు, పెద్దింటయ్యని చూశారు. ఆయన కళ్ళు సగం మూతపడ్డాయి, బొమ్మ పోలిక చూసేటప్పుడు మూసినట్టే. ఆ కళ్ళకి అబద్ధం దాగదు.

పెద్దింటయ్య నవ్వాడు. మెత్తగా, చుట్టాల ఇంట్లో పిల్లాడి తప్పుకి నవ్వినట్టు.

"అన్నయ్య పోయిన కాణ్ణించీ వాడు నన్నలాగే అంటాడండీ. బెంగ. మేమూ అననిస్తున్నాం."

"కాదండీ, నిజంగా..."

"చాల్లేరా రాజూ," అన్నాడు పెద్దింటయ్య. కొడుకు మణికట్టు పట్టుకున్నాడు. నొప్పెట్టేంత గట్టిగా పట్టుకున్నాడు.

మాస్టారి కళ్ళు తెరుచుకున్నాయి. వాటిలో నీళ్ళున్నాయి. దగ్గరికి వచ్చి పైడిరాజు భుజం మీద చెయ్యి వేశారు. "తప్పేం లేదు నాయనా. పినతండ్రయితేనేం, తండ్రే. ఆ పోలిక చూడు, అచ్చం అన్నగారే. నాకే ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది."

సువర్ణమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

పెద్దింటయ్య మణికట్టు వదిలేశాడు. "మళ్ళీ దోనె అందదండీ, వస్తాను," అని బుట్ట ఆవిడ ముందు పెట్టి, తలగుడ్డ చుట్టుకుని మెట్లు దిగాడు.

"నాన్నా!" అని కేక వేశాడు పైడిరాజు.

పెద్దింటయ్య ఆగలేదు. కుడికాలు ఎడంగా వేసుకుంటూ, వీధిలో ఎండలోకి వెళ్ళిపోయాడు.

"చూశావా," అన్నారు మాస్టారు భార్యతో, గొంతు తగ్గించి, "మళ్ళీ అన్నాడు పాపం."